పొడి వేరు, ముద్ద వేరు

1997లో అమెరికా పేటెంట్ ఆఫీసులో ఒక చిత్రమైన వాదన నడిచింది. పసుపు పొడీ, పసుపు ముద్దా ఒకటేనా, కాదా?

కాదు అన్నవాళ్ళు ఇద్దరు శాస్త్రవేత్తలు. వాళ్ళ పేటెంటు నిలబడాలంటే ఆ రెండూ వేరు కావాలి. పొడి ఒంటికి పట్టే తీరు వేరు, ముద్ద పట్టే తీరు వేరు, ముద్ద గాయం మాన్పుతుందని పాత పుస్తకాల్లో ఉన్నంత మాత్రాన పొడి కూడా మాన్పుతుందని ఎవరూ నమ్మకంగా ఊహించలేరు అన్నారు. మరి నోటితో తీసుకోవడం? పాత పుస్తకాల్లో పసుపుని తేనెతో కలిపి ఇమ్మన్నారు, తేనెకే గాయాలు మాన్పే గుణం ఉంది, కాబట్టి ఆ లెక్క పసుపు ఖాతాలో రాయకూడదు అన్నారు. పరిశీలకుడు ఒప్పుకోలేదు. గాయం మాన్పడం వరకూ పొడైనా ముద్దైనా ఒకటేనని తేల్చేశాడు.

చదివితే నవ్వొస్తుంది. పొడిలో నాలుగు చుక్కలు నీళ్ళు పోస్తే ముద్దే కదా! దీనికి లాయర్లెందుకు? కానీ పసుపు మీద అంతకుముందూ ఆ తర్వాతా జరిగిన పరిశోధన చదువుతూ పోతుంటే, ఆ ఓడిపోయిన వాదనే మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఈ వ్యాసం దాని గురించే.

మనం మామూలుగా చెప్పుకునే కథ చిన్నది. పసుపు మీద అమెరికావాళ్ళు పేటెంటు తీసుకున్నారు, మనవాళ్ళు పోరాడి రద్దు చేయించారు. స్కూలు వ్యాసరచన పోటీల నుంచి వాట్సాప్ ఫార్వర్డుల దాకా ఇదే కథ. అందులో అబద్ధమేం లేదు. వివరాలే, చెప్పుకోగా చెప్పుకోగా అరిగిపోయాయి.

పేటెంటు నంబరు 5,401,504. అప్లికేషన్ పెట్టింది 1993 డిసెంబరులో, మంజూరయింది 1995 మార్చి 28న. హక్కుదారు మిసిసిపి విశ్వవిద్యాలయపు మెడికల్ సెంటరు. కనిపెట్టినవాళ్ళుగా అందులో ఉన్న పేర్లు సుమన్ దాస్, హరిహర్ కోహ్లీ. అవును, ఇద్దరూ భారతీయ మూలాలున్నవాళ్ళే. ‘అమెరికావాళ్ళు’ అనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్ళు హక్కు అడిగింది పసుపు మొక్క మీద కాదు, పంట మీదా కాదు. గాయం ఉన్న మనిషికి పసుపు ఇచ్చి గాయం త్వరగా మానేలా చేసే పద్ధతి మీద. పైన చల్లడమూ ఉంది, మింగించడమూ ఉంది. ఇండియాలో బెణుకులకీ వాపులకీ పసుపుని ఎప్పట్నుంచో సంప్రదాయ వైద్యంగా వాడుతున్నారని ఆ పేటెంటు పత్రంలోనే రాసి ఉంది. అంటే దాచిపెట్టిందేమీ లేదు. మరి అన్నీ తెలిసీ ఎలా ఇచ్చారు?

దీనికి జవాబు అప్పటి అమెరికా పేటెంటు చట్టంలో ఉంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ‘ప్రయర్ ఆర్ట్’ అనే మాట కొత్త కాదు. కొత్త ఆలోచన అని నువ్వు చెప్పుకునేది నీకంటే ముందే లోకంలో ఉందా అని వెతకడం. ఒక్క క్లిక్కుతో వస్తువు కొనడం మీద కూడా 1999లో పేటెంటు ఇచ్చిన ఆఫీసు అది, కాబట్టి వాళ్ళ వెతుకులాట మీద నాకు పెద్ద గౌరవం లేదు. అయితే పసుపు విషయంలో లోపం వెతకడంలో మాత్రమే కాదు, చట్టంలోనే ఉంది. 1952 నాటి ఆ చట్టం ప్రకారం ఒక సంగతి అమెరికాలో ఎవరికైనా ముందే తెలిసి ఉన్నా, అక్కడ ఎవరైనా వాడుతున్నా, అది కొత్తది కాదు. పరాయి దేశంలో అయితే తెలిసి ఉండటం చాలదు, వాడుతుండటం చాలదు. అచ్చులో ఉండాలి.

మళ్ళీ చదవండి. జాక్సన్ నగరంలో ఒక్క వంటింట్లో ఒకావిడ తెగిన వేలికి పసుపు అద్దితే అది చట్టం దృష్టిలో జ్ఞానం. తెనాలిలో లక్షమంది అద్దినా కాదు, ఎవరో ఒకరు దాన్ని అచ్చేస్తే తప్ప.

అందుకే ఆ కేసు గెలవడానికి మనవాళ్ళు చేసిన పని ఊరేగింపు కాదు, లైబ్రరీ పని. రఘునాథ్ మషేల్కర్ అధిపతిగా ఉన్న సి.ఎస్.ఐ.ఆర్. 1996 అక్టోబరు 28న పేటెంటుని మళ్ళీ పరిశీలించమని అడిగింది. సాక్ష్యంగా 32 పత్రాలు పెట్టింది. వాటిలో కొన్ని వందేళ్ళకు పైబడ్డవి. సంస్కృతం, ఉర్దూ, హిందీ పుస్తకాలున్నాయి, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం ఉంది. విశ్వవిద్యాలయం ఈ గొడవలో దిగకుండా హక్కుల్ని పరిశోధకులకే వదిలేసింది. వాళ్ళు పొడీ ముద్దా వాదన చేసి ఓడిపోయారు. 1997లో క్లెయిములన్నీ కొట్టేశారు. 1998 ఏప్రిల్ 21న దానికి సంబంధించిన సర్టిఫికెట్టు వెలువడింది. మన దేశంలో దీన్ని రెండో హల్దీఘాట్ యుద్ధం అన్నారు. పేరు బాగుంది. మొదటి హల్దీఘాట్‌లో గెలిచిందెవరని మాత్రం అడక్కండి.

ఆ రోజుల వాతావరణం గుర్తు చేసుకుంటే ఈ ఉత్సాహం అర్థమవుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది 1995 జనవరి 1న, పసుపు పేటెంటుకి మూడు నెలల ముందు. అంతకు ముందు మూడేళ్ళుగా డంకెల్ ప్రతిపాదనల మీద సభలూ కరపత్రాలూ నడిచాయి. విత్తనం పోతుందట, మందులు పోతాయట, వేప పోయిందట, బాస్మతి పోయిందట. ఆ భయాలన్నిటి మధ్యా ఒక స్పష్టమైన గెలుపు దొరికింది. అభివృద్ధి చెందుతున్న ఒక దేశం తన సంప్రదాయ జ్ఞానాన్ని చూపించి అమెరికా పేటెంటుని పడగొట్టడం నిజంగానే పెద్ద విషయం. నేను తక్కువ చేయడం లేదు.

కానీ ఆ గెలుపు దేని మీద గెలుపు?

ఆ గదిని ఒకసారి ఊహించుకోండి. ఒకవైపు దాస్, కోహ్లీ. వాళ్ళేమంటున్నారు? పసుపు గాయాల్ని మాన్పుతుంది, ఇది మేం కనిపెట్టాం. మరోవైపు సి.ఎస్.ఐ.ఆర్. వాళ్ళేమంటున్నారు? పసుపు గాయాల్ని మాన్పుతుంది, ఇది మాకు ఎప్పుడో తెలుసు. ఇద్దరూ ఒప్పుకున్న మాట ఒకటుంది, పసుపు గాయాల్ని మాన్పుతుందని. దాని మీద ఆ గదిలో తగువే లేదు. ‘ఇంతకీ మాన్పుతుందా?’ అని అడిగే పని ఎవరికీ లేదు. ప్రశ్న కొత్తదా పాతదా అన్నది. తీర్పు ‘పాతదే’ అని వచ్చింది. మనం ఇంటికొచ్చి దాన్ని ‘నిజమే’ అని చదువుకున్నాం. పసుపు గొప్పదనాన్ని అమెరికానే ఒప్పుకుందని ఇప్పటికీ ఫార్వర్డులు వస్తుంటాయి. అమెరికా ఒప్పుకున్నది పసుపు పాతదని. అంతవరకే.

ఇక పాతదనం గురించైతే 32 పత్రాలు కూడా అక్కర్లేదేమో. హర్యానాలో ఫర్మానా అనే చోట హరప్పా నాగరికత కాలపు ఊరు బయటపడింది. అక్కడి మనుషుల పళ్ళ మీదా, వంట కుండలోనూ పసుపు, అల్లం పిండి రేణువులు దొరికాయి. నాలుగువేల ఏళ్ళు దాటిన కూర. చరక, సుశ్రుత సంహితల్లో హరిద్ర ఉంది. 16వ శతాబ్దంలో గోవాలో వైద్యం చేసిన గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసాయన తన పుస్తకంలో దీన్ని ‘ఇక్కడి కుంకుమపువ్వు’ లాంటి పేరుతో పరిచయం చేశాడు. పాతదనంలో పసుపుకి తిరుగులేదు.

అచ్చులో లేని జ్ఞానం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మా ఊరు తెనాలి దగ్గర. దుగ్గిరాల పసుపు యార్డు అక్కడికి ఎంతో దూరం కాదు. మా ఇంట్లో పసుపు వ్యవహారమంతా మా నాయనమ్మది. తెగిన చోట పొడి పసుపు గట్టిగా అదిమి పట్టేది. సెగగడ్డకి పొడి పనికిరాదు, ముద్ద చేసి కట్టాల్సిందే. బెణుకుకి పసుపూ సున్నం కలిపి వేడి చేసి పట్టు వేసేది, అది ఎర్రగా మారితేనే సరిగ్గా కుదిరినట్టు. పడిశం పడితే పాలల్లో పసుపు. మరీ ముక్కు మూసుకుపోతే పసుపు కొమ్ముని దీపం మీద కాల్చి ఆ పొగ పీల్చమనేది. వంట పసుపు డబ్బాలోంచి ఒంటికి తీయనిచ్చేది కాదు, ఒంటికి కస్తూరి పసుపు. అది వేరే మొక్క అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆవిడ లెక్కలో పసుపనేది ఒక వస్తువు కాదు. ఏ రూపంలో, దేనితో కలిపి, ఎంత, ఎక్కడ అన్నదాన్ని బట్టి అది నాలుగైదు వస్తువులు. ఆవిణ్ణి గనక సాక్షిగా పిలిచి ఉంటే, పొడి వేరు ముద్ద వేరు అని దాస్, కోహ్లీల పక్షానే చెప్పేదేమోనని నాకు అనుమానం.

ఇంకోటి కూడా. ఆవిడకి ముప్పై దాటకుండానే తాతయ్య పోయాడు. మా అందరి మోకాళ్ళకీ పసుపు పెట్టిన ఆవిడ తన మొహానికి మాత్రం రాసుకోలేదు. వంటల్లో తినొచ్చు, గాయానికి పెట్టుకోవచ్చు, మొహానికీ కాళ్ళకీ మాత్రం కాదు. పసుపు మన ఇళ్ళల్లో కేవలం మందే అయితే ఈ నిషేధానికి అర్థం లేదు. మందుని ఎవరైనా విధవకి వద్దంటారా? పసుపు మనకి మందు కంటే ముందు ఒక రంగు, ఒక హోదా. గడప మీదా, శుభలేఖ అంచు మీదా, తాళి తాడు మీదా ఉండేది ఆ రంగే. ‘మన పూర్వీకుల విజ్ఞానం’ అని గంపగుత్తగా గర్వపడేవాళ్ళు ఈ భాగాన్ని కూడా ఆ గంపలో వేసుకోవాలి.

ఇటు మన ఇళ్ళల్లో ఇలా ఉంటే, అటు యూరప్ వాళ్ళకి పసుపులో కనబడింది రంగే. 1815లో ఫ్రాన్సులో వోగెల్, పెల్తియే అనే ఇద్దరు పసుపు దుంపలోంచి ఆ పచ్చటి పదార్థాన్ని వేరు చేసి దానికి కర్క్యుమిన్ అని పేరు పెట్టారు. దాని నిర్మాణం ఏమిటో 1910లో మిలోబెంద్జ్‌కా, కొస్తానెత్స్కీ, లాంపె అనే పోలండు రసాయనికులు తేల్చారు. 1913కి లాంపె దాన్ని దుంప అవసరం లేకుండా ప్రయోగశాలలోనే తయారుచేశాడు. మామూలు పసుపులో ఇది నూటికి మూడు పాళ్ళు, కాస్త అటూ ఇటూ. మిగతా తొంభై ఏడు పాళ్ళలో పిండి, పీచు, నూనెలు ఇంకా బోలెడున్నాయి. అయినా ఆ తర్వాతి శాస్త్రంలో పసుపంటే ఆ మూడు పాళ్ళే అయిపోయింది.

ఆ మూడు పాళ్ళూ మందుగా మారడంలో మనవాళ్ళ చెయ్యి చాలానే ఉంది. 1949లో నేచర్ పత్రికలో కర్క్యుమిన్ బ్యాక్టీరియాని అడ్డుకుంటుందని ఒక చిన్న వ్యాసం వచ్చింది. 1973లో లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయం నుంచి శ్రీమల్, ధవన్ అది వాపుని తగ్గిస్తుందని జంతువుల మీద చూపించారు. ఇక 1995లో, సరిగ్గా పేటెంటు వచ్చిన ఏడాదే, హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో భరత్ అగ్గర్వాల్ బృందం ఒక వ్యాసం ప్రచురించింది. వాపుకీ క్యాన్సరుకీ సంబంధమున్న ఒక కీలకమైన ప్రొటీనుని కర్క్యుమిన్ అదుపు చేస్తుందన్నది దాని సారం. అక్కడ్నుంచి వరద మొదలైంది. క్యాన్సర్, మధుమేహం, మతిమరుపు, కీళ్ళు, గుండె, ఏ జబ్బు తీసుకున్నా కర్క్యుమిన్ మీద ఒక వ్యాసం ఉంటుంది. వేలకొద్దీ.

2017లో మెడిసినల్ కెమిస్ట్రీ జర్నల్‌లో క్యాథరిన్ నెల్సన్, మరి కొందరు రసాయనికులు ఈ కుప్పనంతా తిరగేసి ఒక సమీక్ష రాశారు. పసుపు మీద నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చిన రచన అది. వాళ్ళు చెప్పింది ఇది. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి తొలి దశలో చేసే పరీక్షలు చాలావరకు వెలుగు మీద ఆధారపడతాయి. మందు వేశాక గొట్టంలో వెలుగు మారితే ఆ మందు ఏదో చేసిందని లెక్క. కర్క్యుమిన్‌కి తనంతట తనకే మెరిసే గుణం ఉంది. పైగా అది లోహాల్ని పట్టుకుంటుంది, కనబడ్డ ప్రొటీనుకల్లా అంటుకుంటుంది. కాబట్టి ఏ పరీక్షలో వేసినా ‘పనిచేసింది’ అన్నట్టే కనబడుతుంది. ఇలాంటి అణువులకి రసాయనికులు పెట్టుకున్న పొట్టి పేరు ‘పెయిన్స్’. నొప్పులనే అర్థం వచ్చేలా కావాలనే పెట్టినట్టుంది.

మా పనిలో దీనికి దగ్గరి బంధువు ఒకడున్నాడు. ఆటోమేటిక్ టెస్టు ఒకటి రాస్తాం, ప్రోగ్రాం నడిపాక లాగ్‌లో ‘పాస్’ అనే మాట ఉందో లేదో చూడమని. ఆ ప్రోగ్రామే వేరే ఏదో కారణానికి ‘పాస్’ అనే మాట ప్రింట్ చేస్తుంటుంది. టెస్టులన్నీ పచ్చగా వెలుగుతుంటాయి. అందరూ హాయిగా ఇంటికెళ్తారు.

అంతేకాదు, 1997లోనే, అంటే అక్కడ పొడీ ముద్దా తగువు నడుస్తున్న ఏడాదే, మరో ప్రయోగశాల ఒక సంగతి కొలిచింది. మన శరీరపు వేడిమిలో, మన రక్తంలో ఉండేంత క్షారగుణమున్న నీళ్ళలో కర్క్యుమిన్ వేస్తే అరగంటలో పదింట తొమ్మిది వంతులు విచ్ఛిన్నమైపోతుంది. రక్తంలోని ప్రొటీన్లు తోడుంటే కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. మింగితే పేగుల్లోంచి లోపలికి వెళ్ళేదే తక్కువ, ఆ వెళ్ళినదాన్నీ కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. 2017 సమీక్ష నాటికి మనుషుల మీద 120కి పైగా పరీక్షలు జరిగాయి. ఉత్తుత్తి మాత్రతో పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా చేసే గట్టి పరీక్షల్లో ఒక్కటీ నెగ్గలేదని ఆ రచయితలు రాశారు. ఈలోగా అగ్గర్వాల్ వ్యాసాల్లోని బొమ్మల మీద అనుమానాలు రావడం, ఒక జర్నల్ 2016లో ఒకేసారి ఏడు వ్యాసాల్ని వెనక్కి తీసుకోవడం కూడా జరిగాయి. తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది.

మరి పసుపులో ఏమీ లేదా? అలా అనడం కూడా తొందరపాటే. థాయిలాండ్‌లో మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళకి పసుపు సారమూ ఐబుప్రొఫెనూ ఇచ్చి పోలిస్తే నొప్పి దాదాపు సమానంగా తగ్గింది. అక్కడే 2023లో అజీర్ణం మీద అచ్చయిన మరో పరీక్షలో కర్క్యుమిన్ ఒమెప్రజోల్‌తో సమానంగా నిలిచింది. రెండింట్లోనూ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళు లేరు, కాబట్టి ఆ ఉపశమనంలో ఎంత పసుపుది, ఎంత నమ్మకానిది అన్నది విడిగా కనబడదు. అజీర్ణం సంగతిలో నాకు ఆశ్చర్యం లేదు. రక్తంలోకి వెళ్ళని పదార్థం పనిచేస్తే గిస్తే కడుపులోనే పనిచేయాలి కదా. గాయం మీద కూడా అంతే, అక్కడ రక్తంలోకి వెళ్ళాల్సిన పనే లేదు.

చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం. ఏ రూపంలో, ఎంత, ఎక్కడ? ఒంటికి ఎంత పడుతుంది? పేటెంటు కాపాడుకోవడానికి దాస్, కోహ్లీ ఎత్తిన ప్రశ్న అదే. చట్టం దృష్టిలో దానికి బలం లేదు, ఓడిపోవడం న్యాయమే. వైద్యం దృష్టిలో మాత్రం అంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. అప్పుడు ‘అంతా ఒకటే పసుపు’ అని మనం నెగ్గాం. ఆ మాటనే ఇప్పుడు సీసాల మీద అచ్చేసి మనకి అమ్ముతున్నారు.

ఒంటికి పట్టకపోవడానికి విరుగుడు కనిపెట్టింది బెంగుళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్ళు. 1998లో, పేటెంటు కథ ముగిసిన ఏడాదే. రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియాల సారం ఇస్తే, మనుషుల్లో అది ఒంటికి పట్టడం 2000 శాతం పెరిగింది. పైపెరిన్ చేసేదేమిటంటే, పైనుంచి వచ్చిన పదార్థాల్ని మార్చి బయటికి పంపే కాలేయపు యంత్రాంగాన్ని కాసేపు మందగింపజేయడం. ఆ యంత్రాంగం కర్క్యుమిన్ ఒక్కదాని కోసం పెట్టింది కాదు, మనం వేసుకునే మాత్రల్లో చాలావాటిని పంపేదీ అదే. ఈరోజు మార్కెట్‌లో దొరికే క్యాప్సూల్సులో చాలావాటి మీద ‘95 శాతం కర్క్యుమినాయిడ్లు, పైపెరిన్‌తో’ అని ఉంటుంది. చెంచాడు వంట పసుపులో కర్క్యుమిన్ వంద మిల్లీగ్రాముల లోపు. క్యాప్సూల్‌లో దానికి ఐదారు రెట్లు, దాని మీద మిరియపు సారం. దీన్ని నాలుగువేల ఏళ్ళుగా ఎవరూ తినలేదు.

ఫలితాలు కూడా కనబడుతున్నాయి. 2018, 2019 ప్రాంతాల్లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్ళలో కాలేయం వాపు కేసులు గుంపుగా బయటపడ్డాయి, తర్వాత అక్కడి ప్రభుత్వం సీసాల మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల్ని నమోదు చేసే బృందం 2011 నుంచి 2022 దాకా పసుపు వల్ల అయిన పది కేసుల్ని ప్రకటించింది. అందులో ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి ఒకే రకం జన్యువు ఉంది, పరీక్షకి దొరికిన ఏడు సీసాల్లో మూడింట్లో పైపెరిన్ ఉంది. కోట్లమంది వాడుతుంటే పది పెద్ద సంఖ్య కాదు. అయితే పప్పులో పసుపు తిని కాలేయం పాడైందని ఎవరూ ఆసుపత్రికి వెళ్ళరు. ఈ రెండూ ఒకే వస్తువు కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే తేలికైన సాక్ష్యం దొరకలేదు.

రంగు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. దుగ్గిరాల అయినా, నిజామాబాద్ అయినా, పంట తవ్వాక దుంపల్ని ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెట్టి యార్డుకి తెస్తారు. కొమ్ము వేరు, మండ వేరు, దేని ధర దానిదే. కొనేవాడు ముందు విరిచి లోపలి రంగు చూస్తాడు. ఆ ధర కోసమే 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పసుపు బోర్డు కావాలన్నది వాళ్ళ డిమాండు. అది 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. పేటెంటు రద్దయి అప్పటికి ఇరవై ఏడేళ్ళు.

రంగుకే ధర ఉంటే రంగు వేసేవాళ్ళు కూడా పుడతారు. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదల్లో తడిసి నల్లబడ్డ పసుపుకి మెరుపు తేవడానికి లెడ్ క్రోమేట్ కలపడం మొదలైంది. సీసం ఉన్న పచ్చరంగు అది, పెయింట్లలో వాడతారు. గర్భిణుల రక్తంలో ఉన్న సీసం ఎక్కణ్ణుంచి వస్తోందని ఆరా తీస్తే స్టాన్‌ఫర్డ్, ఢాకా పరిశోధకులకి పసుపు దొరికింది. పిల్లల మెదడుకి సీసం చేసే హాని తెలిసిందే. 2019లో అక్కడి బజారులో సేకరించిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంటే, తనిఖీలూ జరిమానాలూ ప్రచారమూ గట్టిగా చేశాక 2021కి అది సున్నాకి వచ్చింది. రెండేళ్ళలో. పసుపు వల్ల ఆరోగ్యానికి కలిగిన మేలు ఏది బాగా రుజువైందని నన్నడిగితే, పసుపులోంచి ఆ రంగు తీసేయడం వల్ల కలిగిన ఈ మేలే ముందు చెప్తాను.

పసుపు కేసు తర్వాత మన ప్రభుత్వం ఒక పెద్ద పని పెట్టుకుంది. 2001లో మొదలైన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం. సంస్కృతం, అరబిక్, పారశీకం, ఉర్దూ, తమిళ వైద్య గ్రంథాల్లోని లక్షల యోగాల్ని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి పేటెంటు ఆఫీసులకి అందించడం. అమెరికా కూడా తన చట్టం మార్చుకుంది. 2013 మార్చి నుంచి అక్కడ దేశం తేడా లేదు, ప్రపంచంలో ఎక్కడ బహిరంగంగా వాడుకలో ఉన్నా ప్రయర్ ఆర్టే. ఇప్పుడైతే మా నాయనమ్మ పట్టు కూడా చెల్లుతుంది.

మా నాన్నకి స్టెంటు వేసిన దగ్గర్నుంచి రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్రలు నడుస్తున్నాయి. పోయినేడు అక్క న్యూజెర్సీ నుంచి తెచ్చిన కర్క్యుమిన్ సీసా ఒకటి ఆయన మందుల డబ్బాలో చేరింది. చెకప్‌కి వెళ్ళినప్పుడు వాడే మందులన్నీ చెప్పమంటే ఆయన దీన్ని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, “అది మందేంట్రా, పసుపు” అన్నాడు. నేను సీసా తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరుగారు వెనక అట్ట చదివి, పైపెరిన్ అన్న మాట కింద గోటితో గీసి, ఇది ఈరోజు నుంచి ఆపేయమన్నారు.

“మరి పప్పులోదండీ?” అన్నాడు నాన్న.

“అది వేసుకోండి” అన్నారాయన.